ఘాట్ మధ్యలో ఆపిన లారీ

మా అత్తగారింట్లో ఏ కార్యం జరిగినా, పెళ్ళయినా తొట్టెలయినా దినాలయినా, తిన్న విస్తళ్ళు ఎత్తేశాక మా బావ ఒక కథ చెప్తాడు. బావ అంటే మా ఆయనకు అన్న. ఆ కథలో ఆయన లారీ ఉంటుంది, మా లారీ ఉంటుంది, కృష్ణ దాటాక శ్రీశైలం వైపు ఎక్కే ఘాట్ ఉంటుంది. చివరికి "మా తమ్ముని లోడు సగం నేనే మోసిన" అంటాడు. అందరూ తలలూపుతారు. ఆ సంగతి జరిగినప్పుడు నేను అక్కడే రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చొని ఉన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "నువ్వు కూడ ఉంటివి గద, ఏం జరిగింది?" అని నన్ను అడగలేదు. ఇక ఎవరూ అడగరని తేలిపోయింది కాబట్టి నేనే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళవి. మేము వనపర్తిలో ఉండేవాళ్ళం. మా ఆయన చాలా ఏళ్ళు ఇతరుల లారీలు నడిపి, చివరికి ఒక పాత లారీ సొంతానికి కొనుక్కున్నాడు. గద్వాల మిల్లుల్లో బియ్యం ఎత్తుకొని, మన్ననూర్ అడవి దాటి, కృష్ణ దాటి, ఘాట్ ఎక్కి అవతలి ఊళ్ళలో దించి రావడం మా లారీలవాళ్ళకు అన్నిటికన్నా మంచి కిరాయి. ఆ లోడు దొరికిన మొదటిసారి, మల్లన్న దర్శనం కూడా అవుతుందని నన్ను క్యాబిన్‌లో ఎక్కించుకున్నాడు. ముందు మా లారీ, వెనక బావ లారీ.

మన్ననూర్‌లో పొద్దున్నే ఫారెస్టు వాళ్ళు గేటు తీశాక బయలుదేరాం. అడవిలో బండి బాగానే పోయింది. డ్యాం దగ్గరికి దిగి, అవతల ఎక్కడం మొదలుపెట్టగానే నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. వెనక రోడ్డు కనిపించనంత పొగ. ఒక మలుపులో, రోడ్డు పక్క పిట్టగోడ విరిగిపోయిన చోట, ఇక నా వల్ల కాదన్నట్టు నిలబడిపోయింది. రేడియేటర్ మూత తీస్తే వేడినీళ్ళు మనిషెత్తు ఎగిరాయి. మా ఆయన చెయ్యి కాలింది.

చివరికి మా లారీలో సగం బస్తాలు దించి బావ లారీలోకి ఎక్కించారు. అన్నదమ్ములిద్దరూ, ఇద్దరు క్లీనర్లూ మోశారు. నేను రాయి మీద కూర్చున్నాను. కోతులు వచ్చి ఒక బస్తా చింపాయి, బియ్యం రోడ్డంతా పడ్డాయి. పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. అంతా అయ్యాక బావ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, క్లీనర్ల ముందరే, నా ముందరే అన్నాడు:

"తమ్మీ, బండికి పికప్ లేకుంటే లేకపాయె. నడిపేటోనికన్న ఉండొద్దా?"

మా వైపు ఇంజన్ బలాన్ని పికప్ అంటారు. మా ఆయన నవ్వాడు. కాలిన చేతిని ఇంకో చేతిలో పట్టుకొని నవ్వాడు. బావ మాట కంటే ఆ నవ్వు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బావ ఎప్పుడూ చెప్పనిది. ఆ రోజు బావ లారీలో మొదటినుంచీ సగం లోడే ఉంది. అవతలి వ్యాపారి సగమే అడిగాడు. అందుకే మా బస్తాలకు అందులో చోటు దొరికింది. అంటే ఎక్కడా ఆగకుండా ఎక్కిన ఆ గొప్ప లారీ కూడా సగం లోడుతో ఎక్కిందే.

తిరిగొచ్చాక వనపర్తి లారీ అడ్డా మీద మా ఆయన పేరు పోయింది. "సగం లోడు వచ్చిండురా", "సగం లోడుకు చాయ్ చెప్పు, సగం గ్లాసల పొయ్యి" అనేవాళ్ళు. ఎవరెవరు అన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు నేను పోలేదు. ఘాట్ లోడు వస్తే అడ్డా పెద్దలు మా లారీని దాటేసి వరసలో మా వెనక ఉన్న లారీని పిలిచేవాళ్ళు. మాకు మిగిలింది నాగర్‌కర్నూలుకు ఇటుకలు, కొల్లాపూర్‌కు తవుడు.

ఆ తర్వాత మా ఆయన పోయాడు. లారీ ఆయన పోయాడంటే యాక్సిడెంట్ అనుకుంటారు. కాదు, కామెర్లు. కర్నూలు దవాఖానలో మంచం మీద కళ్ళు పచ్చగా అయ్యి, మాట ముద్దగా అయ్యాక కూడా ఒకరోజు, ఏదో సగంలో ఆగిన మాట పూర్తి చేస్తున్నట్టు అన్నాడు: "ఆ మలుపు కాడ గేరు జర ముందుగాల ఏస్తే ఎక్కేటిది. నాదే తప్పు." అది తప్పో కాదో నాకప్పుడు తెలియదు.

దినాలు అయిపోయిన సాయంత్రం వాకిట్లో మా కులపెద్దలు కూర్చున్నారు. నేను లోపల, తలుపు పక్కన కూర్చున్నాను. బావ గొంతు సర్దుకున్నాడు.

"బండి నాకియ్యుండ్రి. గది ముసల్ది, పని కాదు. ఆడమనిషి లారీని పెట్టుకొని ఏం జేస్కుంటది? వచ్చిన కాడికి అమ్మి ఆమెకే ఇస్త."

మా వైపు తమ్ముని భార్య బావ ఎదురుగా మంచం మీద కూర్చోదు. ఆయన వస్తుంటే కొంగు సర్దుకొని పక్కకు తొలగుతుంది. ఏమైనా చెప్పాలంటే మధ్యలో ఎవరినో పెట్టి చెప్పిస్తుంది. నేనూ అన్నేళ్ళు అలాగే ఉన్నాను. ఆ రోజు మధ్యలో పెట్టుకోవడానికి ఎవరూ లేరు. తలుపు దగ్గర నిలబడి అన్నాను.

"అమ్మను. ఇంజన్ పని చేయిస్త."

"చేయిస్తే?" అన్నాడు కులపెద్దల్లో ఒకాయన.

"ఘాట్ ఎక్కుతది."

"సగం లోడుతోనా?" అన్నాడు ఎవరో. వాకిట్లో నవ్వారు. మా ఆయన ఫోటో ముందు దీపం వెలుగుతూనే ఉంది, వాళ్ళు నవ్వారు.

"ఫుల్ లోడుతోని" అన్నాను.

పెద్దాయన ఒకడు ఇక పొద్దుపోతుందని తీర్పు చెప్పేశాడు. పని చేయించుకోమను. ఫుల్ లోడుతో ఆ ఘాట్ ఎక్కితే బండి ఆమెదే, ఎవరూ అడగొద్దు. మధ్యలో ఆగి లోడు దించాల్సొస్తే బావకే ఇచ్చెయ్యాలి. ఒక్కటే ట్రిప్పు. బావ తలూపాడు. నేను కూడా ఊపాను, కానీ నేను తలుపు వెనక ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

నా తోడబుట్టినవాడు, తమ్ముడు, లింగాలలో ఉండేవాడు. ట్రాక్టర్లతో మొదలుపెట్టి లారీల మీదికి వచ్చాడు. కబురు పెడితే అదే రోజు వచ్చాడు. వాడు, నేను లారీని వనపర్తి నుంచి పెబ్బేరు పోయే రోడ్డులో ఉన్న ఒక షెడ్డుకు తీసుకుపోయాం. అక్కడ మిస్త్రీ పెద్ద వయసు సాయిబు, ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన పనితనం గురించి మా ఆయన గౌరవంగా చెప్పేవాడు. నా మొదటి అనుభవం వేరు. స్టూలు మా తమ్మునికి వేశారు, చాయ్ మా తమ్మునికి వచ్చింది, మాటలన్నీ వానితోనే. నేను లారీ ముందు చక్రం పక్కన నిలబడి ఉన్నాను.

"ఉస్తాద్, బండి నాది. నాతోని చెప్పు" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. "చెప్తే నీకు సమజైతదా బిడ్డా?"

"సమజయ్యేదాంక చెప్పు."

తమ్ముడు పక్కకు తిరిగి నవ్వు దాచుకున్నాడు. "చెప్పు ఉస్తాద్. చెప్పకుంటే మా అక్క పోదు, నీ షెడ్డుల్నే వండుకొని తింటది."

స్టూలు ఇంకొకటి వచ్చింది.

ఇంజన్ దించారు. గొలుసుకు వేలాడుతూ బయటికి వస్తుంటే, లారీ ముందు భాగమంతా ఖాళీ అయిపోయి, నాకు చూడబుద్ధి కాలేదు. రోజూ ఇంట్లో వంట ముగించుకొని పోయి అక్కడే కూర్చునేదాన్ని. తమ్ముడు మొదటిరోజే ఉస్తాద్‌కు సలహా ఇచ్చాడు.

"అంత పనెందుకు ఉస్తాద్? రింగులు మార్చి, డీజిల్ పంపు స్క్రూ జర తిప్పియ్యి. పికప్ అదే వస్తది. అందరు గదే జేస్తరు."

"తిప్పుత" అన్నాడు ఉస్తాద్. "నల్లపొగ వస్తది. అడ్డా మీద అందరు 'అబ్బా, బండికి ఏం దమ్మున్నదిరా' అంటరు. మీకు గదే గావాలె గద, పొగ. ఏమమ్మా, పొయ్యిల కట్టెలు కుక్కి ఊదకుంటే ఏమొస్తది?"

"పొగొస్తది."

"మంట రాదు. గిన్నె కూడ మాడుతది. గిది గూడ గంతే. డీజిల్ ఒక్కటే పెంచితే కాదు, గాలి గూడ గావాలె."

నాకు సమజైంది. ఆయన కూడా నాకు సమజైందని చూశాడు. ఆ తర్వాత నాతోనే మాట్లాడాడు, అది ఒప్పుకుంటాను.

పిస్టన్లు బయటికి తీసిన రోజు ఆయన ఒకదాన్ని డీజిల్‌లో కడిగి నా ముందు పెట్టాడు. నెత్తి మీద నల్లగా మాడి, ఒక అంచున చెదలు తిన్నట్టు గుంటలు పడి ఉంది. మిగతావీ అలాగే ఉన్నాయి.

"ఎవరో పంపు తిప్పిండ్రు" అన్నాడు. "శానా తిప్పిండ్రు. దీనితోని ఫుల్ లోడు ఏసుకొని ఘాట్‌కు పోతే ఎవని తరం గాదు. గేర్లు ఎట్ల ఏసినా ఎక్కదు. నడిపేటోడు ఎవడైతే ఏంది?"

నేను ఆ పిస్టన్‌ను చేతిలోకి తీసుకున్నాను. నాకు అంతా గుర్తొచ్చింది. ఆ బియ్యం లోడుకు ముందు బావ మా ఇంటికి వచ్చి, "తమ్మీ, ఘాట్‌కు పోతున్నవ్, పంపు పెంచియ్యి, నా బండికి చేయించిన, ఎట్ల లాగుతుందో సూడు" అన్నాడు. ఊరుకోక ఆయనే వెంటబెట్టుకొని పోయి, రోడ్డు పక్కన ఎవరితోనో తిప్పించాడు. మా ఆయన పొగ చూసి సంబరపడుతూ ఇంటికి వచ్చాడు, నన్ను కూడా వాకిట్లోకి పిలిచి చూపించాడు. మా వైపు లారీలవాళ్ళందరికీ ఉన్న పిచ్చి అది, పొగ నల్లగా వస్తే బండి బలంగా ఉందనుకుంటారు. ఆ పిచ్చికి మా ఆయన చెయ్యి కాలింది, పేరు పోయింది. దవాఖానలో పడుకొని కూడా వెయ్యని గేరు గురించి ఆలోచించాడు.

నాదే తప్పు అన్న మనిషికి ఆ పిస్టన్ చూపించలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ రోజు తమ్మునికి మాత్రం చెప్పాను. వాడు ఎప్పటిలా జోకు వెయ్యలేదు. "పోయి అడుగుదామా అక్కా?" అన్నాడు. "ఇప్పుడు గాదు. ఘాట్ ఎక్కినంక" అన్నాను.

ఉస్తాద్ చెప్పిన పని చాలా ఉంది. పిస్టన్లు ఆడే గొట్టాలకు కొత్త స్లీవులు, వేరే రకం పిస్టన్లు, పెద్ద రేడియేటర్, గట్టి క్లచ్ ప్లేటు. అన్నిటికన్నా ముఖ్యం టర్బో. అప్పుడు కొత్తగా వస్తున్న లారీలకు అది ఉండేది, మాలాంటి పాతవాటికి లేదు. ఇంజన్ వదిలే పొగ బలంతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపుతుందట. తుక్కుకు పోయిన ఒక కొత్త రకం లారీది తెప్పించి, విప్పి, కడిగి మా ఇంజన్‌కు కూర్చాడు. "హార్స్ పవర్ పెరుగుతది. గుర్రాలు పెరిగితే గడ్డి గూడ ఎక్కువ తింటయ్, యాదుంచుకో" అన్నాడు. డీజిల్ పంపును మాత్రం ఆయన ముట్టుకోలేదు. గద్వాలలో పంపులు సరిచేసే మిషను ఉంది, అక్కడ కొత్త లెక్కకు కట్టించుకొని రమ్మన్నాడు.

తమ్ముడు రేడియేటర్ కోసం వేరే ఊరు పోయాడు. పంపును నేనే తీసుకుపోయాను. మా ఆయన పాత లుంగీలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కాను. చంటిపిల్ల కంటే బరువు. కండక్టర్ వాసన పట్టేశాడు.

"ఏందమ్మా గది? డీజిల్ వాసన గుప్పుమంటుంది. దిగు దిగు."

"టికెట్ తీస్కున్న. ఎందుకు దిగుత? లారీ పంపు ఇది."

"ఇంట్ల మొగోళ్ళు లేరా, నువ్వు మోస్తున్నవ్?"

"లేరు" అన్నాను. ఆయన ముందుకు పోయి టికెట్లు కొట్టుకున్నాడు. వెనక సీట్లో ఎవరో "అయ్యో పాపం" అన్నారు. అది కూడా నాకు నచ్చలేదు. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణలో చిల్లర వేసి దండం పెట్టారు. నా రెండు చేతులూ పంపు మీదే ఉన్నాయి. తల వంచాను.

గద్వాల పంపు మనిషి ఉస్తాద్ చెప్పిన సంగతులు నా నోట విని, "మీ ఆయననో తమ్మునినో పంపు, ఇట్లాంటివి ఆడోళ్ళు చెప్తే నేను కట్టను, రేపు మాటొస్తది" అన్నాడు. నేను ఆయన గడప ముందర మెట్టు మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు ఎందుకు కూర్చున్నావంటే కారణం చెప్పాను, గట్టిగానే చెప్పాను. మధ్యాహ్నం దాటాక ఆయనే వచ్చి లుంగీ మూట తీసుకున్నాడు. పని బాగా చేశాడు. అయినా ఆ మాట నేను మరిచిపోలేదు.

ఇంజన్ మళ్ళీ బండిలో కూర్చున్నాక మొదటిసారి స్టార్ట్ చేసే రోజు వచ్చింది. ఆ రోజు మా వైపు ఇంజన్‌కు పసుపు కుంకుమ పెడతారు, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు, బండి యజమాని కొబ్బరికాయ కొడతాడు. నేను కాయ తెచ్చి పళ్ళెంలో పెట్టుకున్నాను. బావ, ఆయన భార్య కూడా వచ్చారు. పిలవలేదు, తెలిసి వచ్చారు. బావ పళ్ళెం వైపు చూసి, ఉస్తాద్‌తో చెప్తున్నట్టు అన్నాడు:

"కాయ మా ఇంటామె కొడ్తది. ముత్తైదువ. తొలి స్టార్టు, మంచిది గాదు గద. మరదలిని జర అటు పక్కకు నిలవడమను."

తోటికోడలు నా ముఖం చూడకుండా పళ్ళెం అందుకుంది. నేను పక్కకు నిలబడ్డాను. ఆమె కుంకుమ పెట్టింది, హారతి ఇచ్చింది, కాయ కొట్టింది. కాయ బాగానే పగిలింది. బావ మా తమ్మునికి సైగ చేశాడు. తమ్ముడు క్యాబిన్‌లోకి ఎక్కి, చేతులతో తడిమి, కిందికి తొంగిచూశాడు.

"తాళంచెవి ఏది?"

అందరూ వెతికారు. ఉస్తాద్ జేబులు చూసుకున్నాడు. తాళంచెవి మా ఆయన పోయిన రోజు నుంచి నా కొంగు ముడిలోనే ఉంది. షెడ్డులో కూడా అవసరమైనప్పుడు విప్పి ఇచ్చి, మళ్ళీ తీసుకునేదాన్ని. అది ఉస్తాద్‌కు తెలుసు. జేబులు ఎందుకు చూసుకున్నాడో ఆయన్నే అడగాలి.

నేను పక్క నుంచి నడిచి వచ్చి, తమ్ముణ్ణి అవతలికి జరగమని, క్యాబిన్‌లోకి ఎక్కాను. ముడి విప్పాను. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి కీ తిప్పాను. రెండుమూడుసార్లు దగ్గి అందుకుంది. దాని వెనక సన్నగా ఈల లాంటి చప్పుడు, మా లారీలో ఎప్పుడూ లేనిది. సైలెన్సర్ వైపు చూశాను. పొగ ఉంది, సాంబ్రాణి పొగంత. బావ కూడా అటే చూశాడు.

"పొగే లేదు. ఇది ఏం లాగుతది?" అన్నాడు తన భార్యతో.

కొత్త ఇంజన్‌కు వెంటనే ఫుల్ లోడు వెయ్యొద్దని ఉస్తాద్ ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాడు. మొదట ఖాళీగా, తర్వాత సగం లోడుతో కొన్నాళ్ళు తిప్పాలి. టర్బో ఉన్న ఇంజన్‌ను ఆపే ముందు కాసేపు ఊరికే తిరగనియ్యాలి, లేకపోతే ఆ చిన్న చక్రానికి నూనె అందక కాలిపోతుంది. బావకు ఈ ఆలస్యం నచ్చలేదు. "ఎక్కేది ఉంటే ఈపాటికి ఎక్కేటిది" అని అడ్డా మీద అన్నాడట. అన్నాళ్ళూ మేము సగం లోడు ఇటుకలతో నాగర్‌కర్నూలు రోడ్డు మీద తిరిగాం. అడ్డా మీద మళ్ళీ అదే పేరు. మా తమ్ముడు ఒకసారి దిగి కొట్టబోయాడు. "ఊకో. అననియ్యి" అన్నాను. ఎవరన్నారో చూసుకున్నాను, అంతే.

వానలు తగ్గాక గద్వాలలో బియ్యం ఎత్తుకున్నాం. ఫుల్ లోడు. సాక్షిగా బావ వచ్చాడు. "క్లీనర్ ఎందుకు? కిరాయి మనుషులు రేపు అటుదిటు చెప్తరు. నేనుంట గద" అని క్లీనర్‌ను దింపించాడు. క్లీనర్ సీట్లో ఆయన కూర్చున్నాడు. ఆయన పక్కన నేను కూర్చోకూడదు కాబట్టి, సీట్ల వెనక డ్రైవర్లు పడుకునే బల్ల మీద కూర్చున్నాను. కాళ్ళ దగ్గర చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మ ఉంది.

మన్ననూర్ గేటు, అడవి, డ్యాం, అన్నీ దాటాం. ఘాట్ మొదలయ్యాక తమ్ముడు గేరు తగ్గించాడు. ఈల చప్పుడు పెరిగింది. నేను వేడి చూపించే ముల్లునే చూస్తున్నాను. కొంచెం లేచి నిలబడింది, అక్కడే ఉంది. ఒక మలుపు, ఇంకో మలుపు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. రోడ్డు తేటగా కనిపిస్తుంది. పొగ లేదు.

అప్పుడు దూరంగా ఆ విరిగిన పిట్టగోడ కనిపించింది. ఇంకా బాగు చెయ్యలేదు. నేను కూర్చున్న రాయి కూడా అక్కడే ఉంది.

"ఆ గోడ కాడ ఆపు" అన్నాను.

తమ్ముడు అద్దంలో నన్ను చూశాడు. "అక్కా, మంచిగ ఎక్కుతుంది. నడుమ ఆపితే ఫుల్ లోడు మళ్ళ లేవాలె గద."

"ఆపు."

"ఏందమ్మా ఇది?" అన్నాడు బావ, మొదటిసారి నేరుగా నాతోనే. "ఆగిందంటే మాట ఏందో యాదున్నదా?"

"యాదున్నది. లోడు దించాల్సొస్తే బండి నీదే. వేగం మీద ఎవరైనా ఎక్కిస్తరు బావ. ఆయన ఆగినకాడ నుంచి లేవాలె ఇది."

తమ్ముడు ఆపాడు. బండి వెనక్కి రెండు వేళ్ళు జారి నిలబడింది.

"పెద్దాయనా, దిమ్మ" అన్నాడు తమ్ముడు బావతో. "క్లీనర్‌ను వద్దంటివి. నువ్వే పెట్టాలె."

బావ నా కాళ్ళ దగ్గరి దిమ్మ తీసుకొని దిగాడు. వెనక చక్రం కింద పెట్టి, "పెట్టిన" అని కేక వేశాడు. అప్పుడు ఆయన మా బస్తాలు మోసింది కూడా ఆ నేల మీదే. నేను ఆ రాయిని కాసేపు చూశాను. నాకు ఏడుపు రాలేదు, వస్తుందనుకున్నాను.

"పోనియ్యి" అన్నాను.

మొదటి గేరు. తమ్ముడు క్లచ్ మెల్లగా వదిలాడు. ఇంజన్ గొంతు మారింది, క్యాబిన్ మొత్తం అదిరింది, ఒక క్షణం ముందుకూ కాదు వెనక్కూ కాదు. తర్వాత ఎవరో కింద నుంచి ఎత్తినట్టు బండి కదిలింది. నిండు లోడుతో, మెల్లగా, ఆగకుండా.

"అక్కా, పెద్దాయన కింద ఉన్నడు!"

ఎక్కుడులో లేచిన బండిని మళ్ళీ ఆపకూడదు. అది వానికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అద్దంలో చూశాను. బావ వంగి దిమ్మ తీసుకొని, భుజాన పెట్టుకొని, రోడ్డు పక్కగా నడవడం మొదలుపెట్టాడు. మలుపు తిరిగేదాకా కనిపించాడు.

పైన చదునుగా ఉన్నచోట, ఒక చాయ్ బండి పక్కన ఆపాం. తమ్ముడు ఇంజన్ ఆపబోతే వద్దన్నాను, కాసేపు తిరగాలని ఉస్తాద్ చెప్పిన మాట ఉంది. దిగి ఎదురు చూశాం. వాడు ముఖం కడుక్కున్నాడు, చాయ్ తాగాడు, నవ్వాడు. "బావ ఉంటే మంచిగుండు" అన్నాడు. వాడు అన్నది మా ఆయన్ని.

చాలాసేపటికి దిమ్మతో బావ వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. నేను నీళ్ళ క్యాన్ ఇచ్చాను. తాగి, లారీ వైపు చూసి, "ఎక్కింది" అన్నాడు. ఇంకో గుక్క తాగి, "మిస్త్రీ మంచిగ చేసిండు" అన్నాడు.

"బావ, ఒక్కటి అడుగుత. ఆ రోజు ఆయన బండికి పంపు తిప్పించింది ఎవరు?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. చెయ్యి ఆగింది. "నేనే తిప్పిస్తి. నా బండికి చేయించుకున్న, మంచిగ లాగె. తమ్మునికి గూడ మంచైతదని..."

"దానికే పిస్టన్లు మాడినయ్. ఉస్తాద్ ఇప్పి చూపిచ్చిండు. ఏ గేరు ఏసినా ఎక్కకపోవు. నీ బండి ఆ రోజు సగం లోడుతోని ఎక్కింది బావ. నిండు లోడు ఉండుంటే నువ్వు గూడ ఆన్నే ఆగుతుంటివి."

ఆయన క్యాన్ కింద పెట్టాడు. "తమ్మునికి తెల్సునా?"

"తెల్వదు. నాదే తప్పని పోయిండు."

బావ నేల మీద కూర్చున్నాడు. దిమ్మ పక్కనే పెట్టుకున్నాడు. ఇంజన్ తిరుగుతూనే ఉంది. "అక్కా, ఇగ ఆపొచ్చు" అన్నాడు తమ్ముడు. నేనే క్యాబిన్‌లోకి ఎక్కి, కీ తిప్పి ఆపి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

లారీ నాదైంది. చాలా ఏళ్ళు ఆ ఘాట్ మీద తిరిగింది. అడ్డా మీద ఆ పేరు పోయింది, అన్నవాళ్ళు మాత్రం అనలేదన్నట్టే తిరిగారు. బావ తన బండి పంపును ఉస్తాద్ దగ్గరికే పోయి తగ్గించుకున్నాడని తర్వాత తెలిసింది. నాతో చెప్పలేదు.

విస్తళ్ళు ఎత్తేశాక ఆయన ఇప్పటికీ కథ చెప్తాడు. బస్తాలు, కోతులు, వేడినీళ్ళు, సగం లోడు. అక్కడే ఆపేస్తాడు. పంపు సంగతి రాదు, దిమ్మ సంగతి రాదు. కొత్త కోడళ్ళు వింటారు, తలలూపుతారు. చెప్తున్నంతసేపూ ఆయన ఆడవాళ్ళ బంతి వైపు చూడడు. నేను మాత్రం అది అయిపోయేదాకా ఆయన వైపే చూస్తూ కూర్చుంటాను.